సాయిబుగారి విస్తరి

మొన్న మా సత్యం ఒక థర్మాకోల్ డబ్బా నిండా రొయ్యలు తెచ్చి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా వంటింటి గట్టు మీద పెట్టాడు. ఐసు కరిగి ఆ నీళ్ళు గట్టు మీంచి కిందికి, అక్కణ్ణించి హాల్లోకి కారాయి. రాజమండ్రిలో నేనుండే అపార్టుమెంటు లిఫ్టులో మర్నాటి దాకా ఆ నీచు కంపు పోలేదు. పనమ్మాయి ఫినాయిలు పోసి తుడిచేసరికి రెండు వాసనలూ కలిసిపోయి, నేను కిటికీలన్నీ తెరుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. రొయ్యలు నాకు పడవని కాదు. చిన్నప్పుడు ఉప్పుటేటి రొయ్యల్ని గోంగూరలో వండితే కంచం నాకినదాన్నే. ఈ చెరువు రొయ్యల్లో ఆ వాసన లేదు, వీటికి వేసే మేత వాసనా మందుల వాసనా ఉన్నాయి. సత్యం మా చిన్నాన్న కొడుకు, నాకంటే బాగా చిన్నవాడు. అన్నవరం మొక్కు ఫలితంగా పుట్టాడని సత్యనారాయణ అని పేరు పెట్టారు. మా ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువులు ఇప్పుడు చాలావరకు వాడివే. వాడు నన్ను చూసిపోదామని ఊరికే రాలేదు.

"అక్కా, మనూరి పేరు మార్చేస్తన్నాం," అన్నాడు కాఫీ చప్పరిస్తూ. "పెద్దాళ్ళేమో ఊళ్ళో మొదట కాపురం పెట్టిన గడప మనది, ఆ గడపలో పెద్దవాళ్ళు ఒప్పుకుంటేగానీ కుదరదంటన్నారు. ఇప్పుడా పెద్దరికం నీదే కదా. నువ్వు ఊఁ అంటే చాలు. ఊరి మొదట్లో ఆర్చీ కట్టించేను. దాని మీద ముసుగు కూడా నీ చేతే తీయిద్దామని."

"ఏం పేరు పెడుతున్నారు?"

"శ్రీ లక్ష్మీపురం."

"ఉన్న పేరుకేం వచ్చిందిరా?"

"లతీఫాబాదేంటక్కా, తురకల పేరు! ఊళ్ళో చూద్దామంటే ఒక్క సాయిబు లేడు. ఎక్స్‌పోర్టువాళ్ళకి ఫోన్లో చెప్తే హైదరాబాద్ పక్కనా అనడుగుతున్నారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలవ నీళ్ళల్లోకి చెరువుల మురుగు వదలడానికి సిగ్గుపడనివాడు, పక్క చేలో వరి మాడిపోతుంటే సిగ్గుపడనివాడు, ఊరి పేరు చివర మూడు అక్షరాలకి సిగ్గుపడుతున్నాడు. నేను ఊఁ అంటే ఆ పేరు పోతుంది, ఊహూఁ అంటే ఉంటుంది. ఈ వయసులో నా మాటకి ఒక ఊరి పేరంత బరువు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. "నీ డబ్బా నువ్వు పట్టుకుపో," అన్నాను. వాడు నవ్వేసి, "ఆలోచించుకో అక్కా, కోపంలో వద్దు," అని డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళాడు.

ఆ మూడు అక్షరాల గురించి నేను కొంచెం చదువుకున్నాను, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లో, సొంత ఊరి పేరు కదా అన్న మమకారంతో. ఆబాద్ అనేది పారశీకపు మాట. మనుషులు కాపురముండే చోటు, సాగులో ఉన్న నేల, కళకళలాడే ఊరు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆ భాషలో ఆబ్ అంటే నీళ్ళు గనక ఆబాద్ అంటే నీళ్ళున్న చోటని చాలామంది చెబుతారు. భాషల పుట్టుపూర్వోత్తరాలు చూసేవాళ్ళు అది ఒప్పుకోరు. కాపాడటమనే అర్థమున్న బాగా పాత ధాతువు నుంచి వచ్చిందంటారు. మన సంస్కృతంలో గోపుడు, భూపుడు అనే మాటల చివర ఉన్న ధాతువుకి అది దగ్గరి చుట్టమేనట. తురకల మాట అని సత్యం ముక్కు చిట్లించిన ఆ మాట, వాడు పొద్దున్నే దేవుడి గదిలో చదివే శ్లోకాలకి మేనత్త కొడుకు వరస అన్నమాట. సాధారణంగా దాని ముందు ఒక మనిషి పేరు పెడతారు. ఊరు కట్టించినవాడి పేరో, వాడు మంచి చేసుకోవాలనుకున్న దొర పేరో. పాత సర్కారు లెక్కల్లో జనం ఉన్న ఊరిని ఆబాద్ అనీ పాడుబడ్డ ఊరిని వీరాన్ అనీ అనేవారు. దక్కనులో ఇలాంటి ఊళ్ళు కొల్లలు. మా గోదావరి జిల్లాల్లో మాత్రం ఎక్కడ చూసినా పాలేలు, లంకలు, పర్రులు, వరాలే. వాటి మధ్య మా ఊరొక్కటే అలా వేరే యాసలో మాట్లాడుతూ ఉండేది. మా మామ్మ నోట్లో పడేసరికి లతీఫాబాదు కాస్తా లత్తిబాద అయ్యేది.

భీమవరం దాటి సముద్రం వైపు పోగా పోగా, గోదావరి కాలవ ఇక ఓపిక లేక ఆగిపోయే చోట ఉంటుంది మా ఊరు. ఒకప్పుడు అదంతా ఉప్పు పర్ర. గడ్డి కూడా మొలవని చౌడు. ఆ చౌడు ఎప్పుడూ పూర్తిగా పోలేదు. వేసవిలో కాలవలు కట్టేశాక మళ్ళీ పైకి ఎగదన్ని, చేల మీద సున్నం చల్లినట్టు తెల్లగా పూసేది. అందుకని మా ఊళ్ళో ఊడ్పులకి ముందు మడి కడిగేవారు. కాలవలు వదలగానే చేను నిండా మంచినీళ్ళు పెట్టి, నాననిచ్చి, కిందివైపు గండి కొట్టి మురుగుకోడులోకి వదిలేసేవారు. మళ్ళీ పెట్టేవారు, మళ్ళీ వదిలేవారు. ఎంతసేపు కడగాలో చెప్పే యంత్రాలు అప్పుడు లేవు, మా తాతయ్య నాలుక ఉండేది. గండి దగ్గర గొంతుక్కూర్చుని, బయటికి పోయే నీళ్ళు చేత్తో పట్టి, నాలుక మీద కాసేపు ఉంచుకుని, తుపుక్కున ఊసేవాడు. "ఇంకా ఉంది," అనేవాడు. మళ్ళీ నీళ్ళు పెట్టాల్సిందే. పక్క చేలవాళ్ళు కూడా వచ్చి, "ఓసారి మాది చూడండి బాబయ్యగారూ," అని తీసుకెళ్ళేవారు.

ఆ నాలుకని కాపాడుకోవడానికి మడి కడిగినన్నాళ్ళూ ఆయన చుట్ట ముట్టుకునేవాడు కాదు. ఆవకాయ వేసుకునేవాడు కాదు. చుట్టా ఆవకాయా రెండూ లేని తాతయ్యతో ఇంట్లో ఉండటం ఎంత నరకమో మా మామ్మకే తెలుసు. గిన్నె చప్పుడైతే కేక, కోడి అరిస్తే కేక. మేం పిల్లలం అటకెక్కి కూర్చునేవాళ్ళం. అటక మీద తాటిబెల్లం వాసన, ఎండుచేపల వాసన, పాత గోనెల వాసన. కిందనుంచి దాలిలో కాగుతున్న పాల వాసన. ఇన్ని వాసనల్లో ఏ ఒక్కటీ నాకు రోత పుట్టించలేదు. సత్యం వెళ్ళాక ఫినాయిలు కూడా దాచలేని కంపుని ముక్కు మూసుకుని భరిస్తున్నప్పుడు, అప్పటి మురుగుకోడు వాసన కూడా ఏదో పూజగది వాసనలాగా గుర్తొచ్చింది.

అలా కడగ్గా కడగ్గా ఒక రోజు తాతయ్య నీళ్ళు నోట్లో పోసుకుని ఊసేవాడు కాదు. మింగేసేవాడు. ఆ వార్త ఇంటికి చేరేసరికి మామ్మ పొయ్యి అలికి ముగ్గు వేసేది. చప్పిడి భోజనం అంటే ఆ రోజే. ఆ మడిలోంచి బయటికొచ్చిన నీళ్ళే కుండతో తెచ్చి, బట్టలో వడగట్టి, తేర్చి, ఆ నీళ్ళతోనే అన్నం వండేది. గంజి వార్చకూడదు, అత్తెసరు పెట్టాలి, నీటి రుచి మొత్తం మెతుకులోనే ఇమిడిపోవాలి. అన్నంలో, పప్పులో, మజ్జిగలో దేన్లోనూ ఉప్పు కల్లు పడటానికి వీల్లేదు. నేలలోంచి ఉప్పు పోయిందని మనం నోటితో ఒప్పుకోవడం అన్నమాట. మాకు అది గొంతు దిగేది కాదు. మొహాలు వికారంగా పెట్టి, ఆఖర్న ఇచ్చే బెల్లం ముక్క కోసం ముద్దలు మింగేవాళ్ళం. తాతయ్య మాత్రం ప్రతి ముద్దా నమిలి నమిలి, పెళ్ళిభోజనం చేసినవాడిలా తినేవాడు. అన్నం తిన్నాక ఆ సీజనులో మొదటి చుట్ట ముట్టించేవాడు. ఇంట్లో కేకలు ఆగిపోయేవి.

ఆ భోజనంలో అన్నిటికంటే ముందు వేసే విస్తరి లతీఫు సాయిబుగారిది. చావడి అరుగు మీద, తూర్పు ముఖంగా, లేత అరిటాకు. అందులో వడ్డించాకే మాకు. తాతయ్య చేలవైపు చూసి, "సాయిబుగారూ, దయచెయ్యండి," అనేవాడు. కథ ఆయన చెప్పిందే. ఆనకట్ట లేని కాలంలో, రాజమండ్రి నవాబు కింద పనిచేసే లతీఫు అనే ఉద్యోగి ఈ పర్రని కొన్ని కుటుంబాలకి అప్పజెప్పి, నీళ్ళు తియ్యనయ్యేదాకా శిస్తు అడగనన్నాడట. ఏటా వానల్లో గుర్రమెక్కి వచ్చి, కడిగిన మడి నీళ్ళు తనే నోట్లో పోసుకుని, ఊసి, శిస్తు మాటెత్తకుండా వెళ్ళిపోయేవాడట. చివరికి ఒక ఏడు ఊయలేదు. మా ముత్తాతల ముత్తవ్వ ఎవరో ఆ నీళ్ళతోనే అన్నం వండి ఆయనకి గట్టు మీదే ఆకేసి పెట్టిందట. ఉప్పు లేని ఆ అన్నం తిని, "ఇప్పుడిది ఆబాద్," అన్నాడట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ ఆయన నాకు కనపడలేదు. కానీ ఊరికి తన పేరు పెట్టించుకున్న దొరలు ఎందరున్నా, ఆ ఊరి నీళ్ళు నోట్లో పోసుకుని చూసినవాడు ఇంకొకడున్నాడని నేను వినలేదు.

సాయిబుగారి విస్తరిలో వడ్డించింది ఆ పూట వీధివెంట మొదట వచ్చినవాళ్ళకి పెట్టేవారు. వాళ్ళు ఎవరైనా సరే అరుగు మీద కూర్చోబెట్టి, తాతయ్యే దగ్గరుండి తినిపించేవాడు. ఒక ఏడు పోస్టుమాను, ఒక ఏడు కల్లుగీసే అతను. మాకు అసూయగా ఉండేది, ఎందుకంటే ఆ విస్తరిలో బెల్లం ముక్క పెద్దది. ఒకసారి గాజుల మస్తాను వచ్చాడు. నిజం సాయిబే వచ్చాడని మేమంతా తలుపు సందుల్లోంచి చూస్తూ ఊపిరి బిగబట్టాం. సంగతి చెబితే మస్తాను గడ్డం సవరించుకుంటూ నవ్వాడు.

"ఆ లతీఫుగారెవరో నాకు తెలీదండి. ఆకలి మాత్రం ఇద్దరికీ ఒకటేనండి," అని కూర్చున్నాడు.

మొదటి ముద్దకే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మగారూ, ఉప్పు మర్చిపోయేరండి," అన్నాడు. లోపల్నుంచి మామ్మ నవ్వు, మా అందరి నవ్వు. తాతయ్య కూడా నవ్వడం అప్పుడే చూశాను. మస్తాను ఒక్క మెతుకు వదలకుండా తిని, లేచి, మా గుమ్మం వైపు చెయ్యెత్తి, "ఆబాద్ రహో," అన్నాడు. అదేంటని నేనడిగితే, "ఇల్లూ వాకిలీ పిల్లా జెల్లా చల్లగా ఉండండని, పాపగారూ. మా వాళ్ళల్లో ఆశీర్వచనం," అన్నాడు. మా ఊరి పేరు చివర వేలాడే ఆ మాట, అంతవరకూ నాకు అర్థం లేని తోక, ఒక మనిషి కడుపు నిండి దీవిస్తే నోట్లోంచి వచ్చేదని అప్పుడు తెలిసింది. ఆ రోజు వాడు నా చేతికి వేసిన ఎర్రగాజులు చాలాకాలం పగలకుండా ఉన్నాయి.

తాతయ్య పోయాక చప్పిడి భోజనం పోయింది. సత్యం దాన్ని చూడనే లేదు. తర్వాత మా చిన్నాన్న చేలు తవ్వించి చెరువులు చేశాడు. బోర్లు వేసి కిందనుంచి ఉప్పునీళ్ళు పైకి లాగాడు. ఇన్ని తరాలు నోటితో రుచి చూసి చూసి బయటికి పంపిన ఉప్పుని మోటారు పెట్టి మళ్ళీ పిలుచుకొచ్చారు. దీనికి అభివృద్ధి అని పేరు.

ఆర్చీ ముసుగు తీసే రోజున నేను ఊరికి వెళ్ళాను. కాదనడానికే వెళ్ళాను. రావులపాలెంలో టీకి ఆగినప్పుడు అరటిగెలల మధ్య నిలబడి, ఆర్చీ ముందు నిలుచుని ఏం మాట్లాడాలో మనసులో రాసుకున్నాను. భీమవరం దాటాక కారు అద్దాలు మూసినా వాసన ఆగలేదు. ఊరి మొదట్లో ఆర్చీ, దాని మీద పసుపుపచ్చ ముసుగు. రెండు పక్కలా సిమెంటు ఏనుగులు. పక్కనే పాత రాయి, దాని మీద లతీఫాబాదు అన్న అక్షరాల మీదుగా ఎవరో మేత కంపెనీ పోస్టరు అంటించారు. తాతయ్య గండి కొట్టే చోట చచ్చిన రొయ్యల్ని పోసిన గుట్ట. దాని మీద ఈగలు, పక్కన కుక్క. మురుగుకోడులో నీళ్ళు ఆకుపచ్చగా నురగలు కడుతున్నాయి. ఆ ఒడ్డునే సత్యం గెస్టుహౌసు, ఏసీలు, గాజు తలుపులు. చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుంటే, "అలవాటైపోద్ది మేడం గారండి," అన్నాడు కారు తలుపు తీసినవాడు. అలవాటు పడటమనే ఆలోచనే నాకు ఆ కంపు కంటే ఎక్కువ అసహ్యం కలిగించింది.

"ఏం తేల్చేవు అక్కా?" అన్నాడు సత్యం.

"ముందు చప్పిడి భోజనం పెట్టించు. ఎవరి పేరు తీస్తున్నామో ఆయనకి అన్నం పెట్టకుండా ఎలా తీస్తాం? తాతయ్య కడిగిన మడి నీళ్ళతో వండాలి. తిన్నాక చెప్తాను."

వాడికది ముసలిదాని ముచ్చటగా కనపడింది. సరే అన్నాడు. ఆ మడి ఇప్పుడు లేదు, రెండు చెరువుల మధ్య మూలగా మిగిలిన ఒక గుంట ఉంది. వండటానికి మరియమ్మ వచ్చింది. వాళ్ళమ్మ మా చేలో ఊడ్పులు ఊడ్చేది. మరియమ్మ రొయ్యల తలలు తీసే పనికి వెళుతుంది. వేళ్ళ చివర చర్మం నాని, తెల్లబడి, చిట్లిపోయి ఉంది.

"ఈ నీళ్ళతో ఒద్దండి పెద్దమ్మగారూ. మేం చేతులు కూడా కడగవండి. టిన్ను నీళ్ళు తెత్తానండి," అంది.

"నువ్వు వండు మరియమ్మా. అత్తెసరు పెట్టు. ఉప్పు మాత్రం వెయ్యకు."

నీళ్ళు బట్టలో వడగట్టించాను. తేరినా రంగు పూర్తిగా పోలేదు. నీళ్ళు మరుగుతుంటే వచ్చిన ఆవిరికే మరియమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. గెస్టుహౌసు వరండాలో నేనే తూర్పు ముఖంగా అరిటాకు వేసి, అన్నం వడ్డించి, బెల్లం ముక్క పెట్టాను. పెద్ద ముక్కే. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. "సాయిబుగారూ, దయచెయ్యండి," అనాలి. ఆయన నిజంగా గుర్రం దిగి వస్తే ఈ నీళ్ళు నోట్లో పోసుకుంటాడని, ఆ తర్వాత ఆయన మొహం నేను చూడాల్సి వస్తుందని భయం వేసింది. మెల్లిగా, నాలోనే అనుకున్నాను.

తర్వాత సత్యానికీ నాకూ వడ్డించాను. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది. ఉప్పు, ఆ ఉప్పు వెనక చేదు, ఆ చేదు వెనక ఇంకేదో మందు. మా తాతయ్య ఊసినట్టు ఊసేద్దామనుకుని, ఇంతమంది ముందు ఊయలేక, చేతిరుమాల్లోకి తీసేశాను. సత్యం మాత్రం ఫోన్లవైపు నవ్వు మొహం పెట్టి పెద్ద ముద్ద తీసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"ఊరికే భయపెట్టేవు అక్కా, చప్పిడి చప్పిడి అని. బానే ఉంది కదా. ఉప్పు సరిగ్గా సరిపోయింది," అన్నాడు.

"అందులో ఉప్పు వెయ్యలేదురా," అన్నాను.

వాడు మరియమ్మ వైపు చూశాడు. "నేనెయ్యలేదండి బాబూ. ఉప్పు డబ్బా మూతే తియ్యలేదండి," అంది మరియమ్మ. సత్యం చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. ఒక్క క్షణం వాడి మొహంలో మా తాతయ్య పోలిక కనపడింది, లేదా కనపడాలని నేను కోరుకున్నాను. ఆ తర్వాత ఎవరో మంచినీళ్ళ సీసా మూత తీసి అందించారు. పుక్కిలించి ఊసి, "టైమవుతుంది, పద అక్కా," అన్నాడు.

మనసులో రాసుకొచ్చిన ఉపన్యాసం ఒక్క ముక్క కూడా చెప్పబుద్ధి కాలేదు. ఈ నేల మీద ఆ పేరు ఉంచమని నేనెవరి తరఫున దెబ్బలాడాలి? తమకి ఆ పేరు తగదని వీళ్ళే గ్రహించారు, కారణమే వేరే చెబుతున్నారు. ఆర్చీ దగ్గర మైకు నా చేతికిచ్చారు. "తీసెయ్యండి. ఆయన పేరు ఆయనకి ఇచ్చేద్దాం," అన్నాను. నా కంఠంలో అసహ్యం వాళ్ళకి వినపడలేదు. చప్పట్లు కొట్టారు. తాడు నేనే లాగాను. ముసుగు జారింది. శ్రీ లక్ష్మీపురం మీకు స్వాగతం పలుకుతోంది అని బంగారు రంగు అక్షరాలు ఎండలో మెరిశాయి. టపాసులు కాల్చారు.

తిరిగి వరండాలోకి వచ్చేసరికి సాయిబుగారి విస్తరి అలాగే ఉంది. అన్నం మీద ఈగలు ముసిరాయి. మామూలుగా అయితే వీధిలోకి చూసి ఎవరినో ఒకరిని పిలవాలి. మరియమ్మ గోడవారగా నిలబడి ఉంది, పొద్దుట్నుంచీ ఏమీ తిననట్టుంది. ఆమెని పిలిచి ఆ అన్నం ముందు కూర్చోబెట్టడానికి నాకు నోరు రాలేదు. బెల్లం ముక్క ఒక్కటీ తీసి ఆమె చేతిలో పెట్టాను. శుభకార్యంలో తిన్న ఆకుని మన వైపుకి మడుస్తాం, తద్దినం భోజనంలో ఆకుని అవతలి వైపుకి మడుస్తాం. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ విస్తరిని ఎప్పుడూ తమవైపుకే మడిచారు. నేను వంగి, రెండు చేతులతో దాన్ని అవతలి వైపుకి మడిచాను.